ఏడు అడుగులు పడేంత సేపు మోగే డ్రమ్ము కోసం

తిరుపతి, చిత్తూరు జిల్లాల హైస్కూళ్ల హెడ్మాస్టర్లకు, జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ఎన్‌సీసీ చూసుకునే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను హవల్దారుగా రిటైరైన సైనికుణ్ణి. 24 ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం మద్రాస్ రెజిమెంటు బ్యాండులో క్లారినెట్ వాయించాను. మాది కార్వేటినగరం దగ్గర ఒక పల్లె. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. రోజూ పొద్దున వాకింగుకు పోయే దారిలో రెండు స్కూళ్లు వస్తాయి. ప్రేయర్ బెల్లు కొట్టాక స్పీకర్లో జనగణమన మొదలవుతుంది. నేను రోడ్డు పక్కనే ఆగి నిలబడతాను. అది అయిపోయేదాకా మనసులో ఒకటే మాట తిరుగుతుంది. లోపల ఏడెనిమిది వందల మంది పిల్లలున్నారు, ఒక్క డ్రమ్ము మోగదే అని.

మీ పిల్లలకు బ్యాండు నేర్పనివ్వమని అడగడానికే ఈ ఉత్తరం. కానీ దీన్ని రాయించింది స్కూలు కాదు, ఒక చావు.

పోయిన మార్గశిరంలో మా వైపు ఒక ఊళ్లో సుబేదార్ గారు ఒకరు కాలం చేశారు. ఊరి పేరు, ఆయన పేరు రాయను. 1971 యుద్ధం చూసిన మనిషి. చుట్టుపక్కల మాజీ సైనికులం పదకొండు మందిమి మెడల్స్ పెట్టుకుని పోయాం. వరుసలో నిలబడ్డాం. ఇంత దూరం వచ్చాం కదా, ఆయనకు లాస్ట్ పోస్ట్, అంటే సైనికుణ్ణి సాగనంపేటప్పుడు బ్యూగుల్ అనే ఇత్తడి బాకా మీద ఊదే పిలుపు, వినిపించి పంపుదామన్నాడు ఒకతను. బ్యూగుల్ ఎవరి దగ్గరా లేదు. ఫోన్లో వెతికారు. వినాయక చవితికి వాడే స్పీకర్ ఒకటి తెచ్చి దానికి కలిపారు. మేం సావధాన్‌లో ఉన్నాం. పాట సగంలో ఉండగా ఆ ఫోనుకు ఎవరో కాల్ చేశారు. రింగ్‌టోన్ స్పీకర్లో మోగింది. కట్ చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టారు. ఆయన భార్య నా వైపు చూసి, "అయిపోయిందా నాయనా?" అనడిగింది. "అయిపోయిందమ్మా" అన్నాను.

నిజానికి అవలేదు. ఆ ఫోన్లో లాస్ట్ పోస్ట్ ఒక్కటే ఉంది. దాని తర్వాత కాసేపు మౌనం పాటించి రౌజ్ ఊదాలి. రౌజ్ అంటే లేపే పిలుపు. లాస్ట్ పోస్ట్ మొదట్లో చావు పాట కాదు. రాత్రి కాపలా అధికారి పోస్టులన్నీ చూసుకుంటూ పోయి చివరి పోస్టు దగ్గర తనిఖీ ముగిస్తాడు. ఇక ఈ రోజుకు పని అయిపోయింది, పడుకోండి అని చెప్పే పిలుపు అది. దాన్నే తర్వాత సైనికుడి చివరి ప్రయాణానికి పెట్టుకున్నారు. నీ డ్యూటీ అయిపోయింది, విశ్రాంతి తీసుకో అని. రౌజ్ వచ్చి, మళ్లీ పొద్దు పొడుస్తుంది అని చెబుతుంది. మేం సుబేదార్ గారిని నిద్రపుచ్చి, లేపకుండా వచ్చేశాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఫోను తెచ్చిన పిల్లవాడిది కాదు. వాడు తనకు చేతనైంది చేశాడు. తప్పు నాది. బ్యాండు నా చేతికి అన్నం పెట్టింది. రిటైరై ఇన్నేళ్లయినా ఈ రెండు జిల్లాల్లో ఒక్క పిల్లవాడికీ ఒక్క స్వరం నేర్పలేదు.

మనవాళ్లకు సైన్యమంటే గౌరవం లేదని నేను అనను. 1971 విజయానికి యాభై ఏళ్లవుతుండగా 2021లో, సైన్యం ఊరూరా తిప్పిన విజయ జ్యోతి తిరుపతికి వచ్చింది. తిరుపతిలో స్థిరపడిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ గారు ఆ యుద్ధంలో గూర్ఖా పల్టన్‌ను నడిపి మహావీర చక్ర తీసుకున్నారు. అలాంటి మనిషిని కన్న నేల ఇది. గౌరవానికి కొదవ లేదు. ఆ గౌరవాన్ని చేతల్లో చూపించే మనుషులే తగ్గిపోయారు.

సైనిక బ్యాండు అంటే జనవరి 26న టీవీలో కనిపించే రంగు బట్టల అలంకారం అని చాలామంది అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా నన్ను, "మీరు యుద్ధం చేసేవాళ్లు కాదు కదా, బ్యాండే కదా" అని అడుగుతారు. వాళ్ల మీద కోపం లేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు.

వైర్‌లెస్ లేని కాలంలో పొగలో, కేకల్లో, గుర్రాల మధ్య అధికారి గొంతు పది గజాలు దాటదు. ముందుకు పో, ఆగు, చుట్టు తిరుగు, వెనక్కి రా, ఇవన్నీ డ్రమ్ము, బ్యూగుల్ చెప్పేవి. మన కురుక్షేత్రంలో ఒక్కో వీరుడికీ పేరున్న శంఖం ఎందుకుందో ఆలోచించండి. ఎవరి శంఖం మోగితే వాళ్లు ఎక్కడున్నారో సైన్యానికి తెలుస్తుంది. తురుష్క సుల్తానుల జానిసరీ పటాలాల వెంట పెద్ద డ్రమ్ములు, తాళాలు ఉండేవి. ఆ మోత విని యూరప్ రాజులు 18వ శతాబ్దంలో తమ బ్యాండుల్లోకి వాటిని తెచ్చుకున్నారు. ఇవాళ మన పెళ్లి బ్యాండు మేళంలో మోగే బేస్ డ్రమ్ము, సింబల్స్ ఆ దారినే వచ్చాయి.

పొద్దుగుంకే వేళకు యుద్ధం ఆపి, ఆయుధాలు సర్దుకుని శిబిరానికి తిరిగి రమ్మని పిలిచేదే రిట్రీట్. ఇప్పటికీ కంటోన్మెంట్లలో జెండా దించేటప్పుడు ఆ బ్యూగుల్ మోగుతుంది. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో మూడు దళాల బ్యాండులూ కలిసి చేసేది దాని పెద్ద రూపమే. మొదటిసారి నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో, మా రెజిమెంటు శిక్షణ కేంద్రంలో, రిక్రూట్‌గా ఆ సాయంత్రపు బ్యూగుల్ విన్నప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఎక్కడి పనివాళ్లు అక్కడే ఆగిపోయారు. సైకిల్ మీద పోతున్న వంటవాడు దిగి నిలబడ్డాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక్క శబ్దంతో వెయ్యిమంది ఒకే పని చేయడం నేను అదే చూడటం.

మార్చింగ్ సంగతి మీకు తెలిసిందే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకలు మోగుతుంటే పక్కన నిలబడి చూడండి. చంకలో బిడ్డతో ఉన్న తల్లి కూడా కాలు కదుపుతుంది. శరీరానికి దెబ్బ వినపడితే చాలు, అడుగు దానంతట అదే పడుతుంది. క్విక్ మార్చ్‌లో నిమిషానికి 120 అడుగులు. రైఫిల్ రెజిమెంట్ల నడక ఇంకా వేగం. ముప్పై కిలోల బరువు వీపున వేసుకుని పదిహేను కిలోమీటర్లు నడిచి అలసిపోయిన పల్టన్‌కు క్యాంపు గేటు దగ్గర మేం ఎదురుపోయి వాయించేవాళ్లం. వంగిన వీపులు లేవడం నేను కళ్లారా చూశాను. ఆ కుర్రాళ్లకు నీళ్లు ఇచ్చినా అంత మార్పు రాదు.

ఇక యుద్ధం వచ్చినప్పుడు మా పని వేరు. బ్యాండులో ఉన్నవాడికి రైఫిల్ ట్రైనింగూ ఉంటుంది, ప్రథమ చికిత్స ట్రైనింగూ ఉంటుంది. వాయిద్యాలు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మా చేతికి స్ట్రెచర్ ఇస్తారు. ఒకసారి కశ్మీర్‌లో తొడలో తూటా దిగిన జవాన్‌ను నలుగురం మోసుకుని కొండ దిగాం. ముందు నేను, యూఫోనియం వాయించే ఒక కేరళ అబ్బాయి. వెనక ఇద్దరు డ్రమ్మర్లు. దారి కాదు అది, రాళ్లు. నాలుగు గంటలు పట్టింది. దారి పొడవునా మేం నలుగురం అడుగు తప్పలేదు. కారణం చెబితే మీరు నమ్మాలి. వెనకున్న డ్రమ్మరు నోటితో లెక్క పెడుతూనే ఉన్నాడు, "ఏక్ దో ఏక్, ఏక్ దో ఏక్" అని. అడుగు తప్పితే స్ట్రెచర్ ఊగుతుంది, ఊగితే రక్తం పోతుంది. పరేడ్ గ్రౌండ్‌లో నేర్చిన తాళం ఆ రోజు ఒక మనిషి ప్రాణం కాపాడింది. తర్వాత రెండు రోజులు నా వేళ్లు వాచి క్లారినెట్ రంధ్రాలు మూయలేకపోయాను. అబ్బాయి బతికాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 సెప్టెంబరు 25న, ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర విషవాయువుకు సైనికులు భయపడి కందకంలో ఉండిపోతే డేనియల్ లైడ్లా అనే స్కాట్లాండ్ పైపరు గట్టు మీదికెక్కి, తూటాల మధ్య అటూ ఇటూ నడుస్తూ బ్యాగ్‌పైప్ వాయించాడు. పటాలం లేచి ముందుకు పోయింది. ఆయనకు గాయాలయ్యాయి, విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో బిల్ మిలిన్ అనే పైపరు కూడా అలాగే నీళ్లలోంచి వాయిస్తూ ఒడ్డెక్కాడు. చేతిలో తుపాకీ లేదు.

మనకూ ఒక మనిషి ఉన్నాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో మీరే అడిగి చూడండి. కెప్టెన్ రామ్ సింగ్ ఠాకురీ. గూర్ఖా రైఫిల్స్‌లో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు పట్టుబడి, తర్వాత నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో కలిశాడు. "కదమ్ కదమ్ బఢాయే జా" బాణీ ఆయనదే. నేతాజీ ఆయనకు ఒక వయొలిన్ బహుమతిగా ఇచ్చారు. ఏ ఫౌజునైతే బ్రిటిష్ ప్రభుత్వం ద్రోహులని కోర్టు మెట్లెక్కించిందో, ఆ ఫౌజు పాటకే ఇవాళ మన సైన్యం అడుగులు వేస్తోంది. నేను ఆ బాణీని ఎన్ని వందలసార్లు వాయించానో లెక్క లేదు. మొదటి నాలుగు స్వరాలు వచ్చేసరికి ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతవరకూ దూరపు సంగతులు. ఇక మన ఇంటి సంగతి.

మాది మంగళవాద్యాల కుటుంబం. మా నాయన నాదస్వరం, మా చిన్నాయన డోలు. కార్వేటినగరం వేణుగోపాలస్వామి గుడికి, చుట్టుపక్కల పెళ్లిళ్లకు పోయేవాళ్లు. సారంగపాణి పదాలు రాసిన ఊరు, గోవిందసామయ్య వర్ణాలు కట్టిన ఊరు మాది అని నాయన గర్వంగా చెప్పుకునేవాడు. నన్ను ఏడేళ్లకే ఒత్తు ఊదడానికి కూర్చోబెట్టాడు. ఒత్తు అంటే శ్రుతి తప్ప ఇంకేమీ ఉండదు. చెక్కిళ్లలో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, గంటల తరబడి ఒకే స్వరం తెగకుండా పట్టాలి. ఏడ్చేవాణ్ణి. సైన్యంలో చేరాక బ్యాండ్ మాస్టర్ నా చేతికి క్లారినెట్ ఇచ్చి లాంగ్ నోట్ పట్టమన్నాడు. గడియారం చూసుకున్నాడు. మళ్లీ పట్టమన్నాడు. "ఎక్కడ నేర్చావు?" అన్నాడు. "గుళ్లో" అన్నాను.

తర్వాత నన్ను పచ్‌మఢీ పంపారు. మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండల మీద ఉంది ఆ ఊరు. సైన్యం బ్యాండువాళ్లందరికీ అక్కడే సంగీతం నేర్పుతారు. స్నేహ దేశాల సైనికులు కూడా వచ్చి నేర్చుకుని పోతారు. స్టాఫ్ నొటేషన్ చూసి మొదట నాకు టెన్షన్ వచ్చింది. ఐదు గీతల మీద నల్లటి చుక్కలు. వారం రోజులకు అర్థమైంది, అది మన శంకరాభరణమే, వేరే లిపిలో రాశారంతే. అలా రెండొందల ఏళ్ల కిందటే ఈ రెండూ కలిశాయని ఆ తర్వాత తెలిసింది. ముత్తుస్వామి దీక్షితులు కుర్రవాడిగా మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో తెల్లవాళ్ల బ్యాండు వినేవారు. ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవే నొట్టు స్వరాలు. ఇంగ్లీషు రాజుగారి పాట బాణీలో ఆయన రాసిన "సంతతం పాహిమాం" ఇప్పటికీ మన సంగీతం క్లాసుల్లో పిల్లలు పాడుతున్నారు. ఆయన మొదటి కీర్తన పుట్టిందని చెప్పుకునే తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సైనిక బ్యాండు మనకు పరాయిది అనేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను.

ఇంకొకటి ఉంది. దీన్ని ప్రతి హెడ్మాస్టరూ అసెంబ్లీలో పిల్లలకు చెప్పాలని నా కోరిక. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడిన జనగణమనకు 1919 ఫిబ్రవరిలో స్వరలిపి రాసింది మన మదనపల్లెలో. ఠాగూరు అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు యూరప్ సంగీతం బాగా తెలుసు. ఆమె ఆయన చేత పాడించుకుని, పిల్లలతో పాడించి స్వరాలు కట్టారు. ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం కూడా ఆయన అక్కడే రాశారు. ప్రపంచంలో ఏ మూల మన జట్టు గెలిచినా, ఏ దేశానికి మన ప్రధాని వెళ్లినా అక్కడి సైనిక బ్యాండు వాయించే 52 సెకన్ల జాతీయగీతానికి మన కొండల మధ్య ఒక కాలేజీలో కాగితం మీద రూపం వచ్చింది. అలాంటి చోట పుట్టిన పిల్లలు దాన్ని స్పీకర్లో వింటున్నారు.

జాతీయగీతం గురించి కేంద్ర హోం శాఖ ఉత్తర్వుల్లో ఒక నియమం ఉంది. చాలామందికి తెలియదు. బ్యాండు జాతీయగీతం వాయించే ముందు వినేవాళ్లకు తెలియడం కోసం డ్రమ్ముల మోత ఒకటి రావాలి. స్లో మార్చ్‌లో ఏడు అడుగులు పడేంత సేపు. చిన్నగా మొదలవ్వాలి, పెరుగుతూ పోయి ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా మోగాలి, మళ్లీ తగ్గుతూ రావాలి. కానీ ఏడో దెబ్బ దాకా వినపడుతూనే ఉండాలి. తర్వాత ఒక్క దెబ్బంత విరామం. అప్పుడు గీతం.

ఆ ఒక్క దెబ్బ విరామం గురించి ఎంత చెప్పినా చాలదు. గ్రౌండ్‌లో రెండు వేల మంది ఉంటారు. ఏడు అడుగుల మోతకు మాటలు ఆగుతాయి, టోపీలు సర్దుకుంటారు, పసిపిల్లలు కూడా తలెత్తి చూస్తారు. ఆ విరామంలో ఎవరూ ఊపిరి తీయరు. సైడ్ డ్రమ్మర్ల మణికట్లు సరిగ్గా ఒకేసారి ఆగాలి. ఒక్కడి పుల్ల జారినా తెలిసిపోతుంది. మా డ్రమ్మర్లు ఆ ఏడు అడుగులను రోజుకు గంట సాధన చేసేవాళ్లు. మొత్తం గీతం కంటే దానికే ఎక్కువ సమయం పెట్టేవాళ్లు. స్పీకర్లో పాట హఠాత్తుగా మొదలవుతుంది. పిల్లలు సగం వాక్యంలో ఉంటారు. సర్దుకుని నిలబడేలోపు "పంజాబ సింధు" వచ్చేస్తుంది. పిల్లలకు క్రమశిక్షణ లేదని తిట్టేముందు వాళ్లకు ఆ ఏడు అడుగులు ఇచ్చామా అని అడుగుతున్నాను.

డ్రోన్లు వచ్చాయి, మిసైళ్లు వచ్చాయి, ఇంకా బ్యాండులేమిటి, డబ్బు దండగ అనేవాళ్లు ఉన్నారు. ఈ మాట మన దగ్గరే కాదు, అమెరికా ప్రతినిధుల సభలోనూ 2016లో సైనిక బ్యాండుల ఖర్చు తగ్గించాలని రక్షణ ఖర్చుల బిల్లుకు సవరణ పెట్టారు. ఇంగ్లండులో 1857 నుంచి బ్యాండ్ మాస్టర్లను తయారు చేసిన నెల్లర్ హాల్‌ను 2021లో మూసేశారు. ఖర్చు లెక్క అడగడం తప్పు కాదు. కానీ అమెరికాలోనే జరిగిన ఇంకో సంగతి వినండి. మాజీ సైనికుల అంత్యక్రియలకు బ్యూగుల్ ఊదేవాళ్లు చాలక, 2003లో ఒక యంత్రం తెచ్చారు. బ్యూగుల్ గొట్టంలో రికార్డు పరికరం పెడతారు. సైనికుడు మీట నొక్కి దాన్ని పెదవులకు పెట్టుకుని, ఊదుతున్నట్టు నిలబడతాడు. అంత డబ్బున్న దేశం, అన్ని యంత్రాలున్న దేశం, స్పీకర్ పెట్టి ఊరుకోలేదు చూశారా. ఒక మనిషి నిలబడాలి, అతని పెదవుల దగ్గర నుంచి శబ్దం రావాలి అని వాళ్లకూ అనిపించింది. వాళ్లకు మనుషులు దొరకలేదు. మనకు ఉన్నారు.

ఎక్కడున్నారంటే, మీ క్లాసుల్లోనే ఉన్నారు. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది, నాదస్వరం, డోలు పాఠశాల ఉంది. పుత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం, ఎక్కడికి పోయినా బ్యాండు సెట్టు ఉంటుంది. ఆ ఇళ్ల పిల్లలు మీ బడికే వస్తారు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రంతా వాయించి పొద్దున క్లాసులో తూగుతుంటారు. వాళ్లను లేపి నిలబెట్టకండి, దయచేసి. వాళ్లకు చేతిలో ఉన్న విద్య ఏమిటో వాళ్లకే తెలియదు. ఎయిర్ ఫోర్స్, నేవీ అగ్నివీర్ పథకంలో మ్యుజీషియన్లను విడిగా తీసుకుంటున్నాయి. పదో తరగతి పాసైతే చాలు. ఎయిర్ ఫోర్స్‌లో ఆడపిల్లలకూ అవకాశం ఉంది. స్టాఫ్ నొటేషన్ రాకపోయినా కర్ణాటక స్వరలిపి చదవగలిగితే ఒప్పుకుంటారు. క్లారినెట్, ట్రంపెట్, శాక్సోఫోన్‌తో పాటు మన శాస్త్రీయ వాయిద్యాలకూ చోటుంది. మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి ఈ ముక్క తెలుసు? నాకు తెలిసిన ఒక క్లారినెట్ కుర్రాడు, నిజంగా బంగారు చేతులు, ఇప్పుడు బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

2024 రిపబ్లిక్ డే పరేడ్‌ను మామూలుగా మొదలుపెట్టే సైనిక బ్యాండుకు బదులు వంద మంది మహిళలు శంఖం, నాదస్వరం, నగారాలతో మొదలుపెట్టారు. కర్తవ్య పథ్‌లో నాదస్వరం! టీవీ ముందు కూర్చుని మా నాయనను తలుచుకున్నాను. పెళ్లి ఇళ్లలో అందరూ తిన్నాక ఆకు వేయించుకున్న మనిషి. ఆ వాయిద్యం రాష్ట్రపతి ముందు నడిచిపోవడం ఆయన చూడాల్సింది.

ఇప్పుడు నేను అడగదలచింది.

ఒక్కసారి మీ స్కూలు స్టోర్ రూమ్ తెరిచి చూడండి. పాత స్కూళ్లలో చాలా చోట్ల ఒకప్పుడు బ్యాండు ఉండేది. విరిగిన బల్లల కింద సైడ్ డ్రమ్ములు ఉండొచ్చు. వాటిని పాత సామానువాళ్లకు వేయకండి. తోలు చిరిగినా చట్రం బాగుంటే డ్రమ్ము బతికినట్టే. పలకలకు తోలు బిగించే మనిషి మీ మండలంలోనే ఉంటాడు, అతన్ని పిలిచి చూపించండి. అతనికి నాలుగు డబ్బులు వస్తాయి, పిల్లలు పని చూస్తారు. బ్యూగుల్ పచ్చబడిపోయి ఉంటే చింతపండుతో తోమండి. సొట్టలు ఉన్నా ఊదుతుంది. ఏమీ లేకపోతే మొదట పెద్ద బ్యాండు అక్కర్లేదు. ఒక బ్యూగుల్, నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, ఒక జత సింబల్స్ చాలు. మీరట్‌లో జాలీ కోఠీ అనే వీధి అంతా ఇవే తయారు చేస్తారు. పూర్వ విద్యార్థులను అడిగితే ఎవరో ఒకరు కొనిస్తారు. మీరు క్రికెట్ కిట్ అడిగితే ఇచ్చినవాళ్లే.

బ్యూగుల్ నేర్పడం కష్టమని భయపడకండి. దానికి రంధ్రాలు లేవు, మీటలు లేవు. పెదవులు బిగించే తీరును బట్టే స్వరం మారుతుంది. వచ్చేవి కింది షడ్జం, పంచమం, షడ్జం, గాంధారం, పై పంచమం, అంతే. స, గ, ప తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆ మూడు స్వరాలతోనే సైన్యాన్ని లేపుతారు, భోజనానికి పిలుస్తారు, జెండా దించుతారు, చనిపోయినవాడిని పంపుతారు. సరళీ స్వరాలు వచ్చిన పిల్లకు శబ్దం నిలవడానికి ఒక నెల పడుతుంది. రెండు నెలల్లో రిట్రీట్ వస్తుంది.

ఆడపిల్లలను వేరుగా చూడకండి. జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలు జరుగుతున్నాయి, గణతంత్ర వేడుకల్లో భాగంగా ఢిల్లీలో ఫైనల్స్ ఉంటాయి. అందులో అమ్మాయిల బ్రాస్ బ్యాండుకు, పైప్ బ్యాండుకు విడిగా విభాగాలు ఉన్నాయి. కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. అక్కడి పిల్లలకు దొరికేది మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ స్కూలు పిల్లకూ దొరకాలి.

సిలబస్ ఒత్తిడి నాకు తెలుసు. పదో తరగతి రిజల్ట్ గురించి మీ మీద పై నుంచి ఎంత టెన్షన్ ఉంటుందో మా అల్లుడు టీచరు కాబట్టి రోజూ వింటాను. నేను క్లాసు పీరియడ్ అడగడం లేదు. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు గ్రౌండ్ తాళం ఇప్పించండి. నేను వస్తాను. ఫీజు వద్దు, బస్సు చార్జీ కూడా వద్దు. నాకు తెలిసిన ఇద్దరు మాజీ డ్రమ్మర్లు, ఒకరిది శ్రీకాళహస్తి, ఇంకొకరిది పాకాల, వస్తామని మాటిచ్చారు. మా సబ్‌స్టిట్యూట్‌లం మేమే. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు వస్తారు. ఆగస్టు 15కు ఇంకా నాలుగు వారాలుంది. అప్పటికి బ్యాండు తయారవదు, అబద్ధం చెప్పను. కానీ నలుగురు పిల్లలు ఆ ఏడు అడుగుల మోత ఒక్కటి వాయించగలరు. తర్వాత గీతం స్పీకర్లో పెట్టినా ఫరవాలేదు, పిల్లల గొంతులతో పాడిస్తే ఇంకా మంచిది.

బ్యూగుల్ నేను స్వయంగా ఊదలేను. ముందు పళ్లు రెండు పోయాయి, పెదవి నిలవదు. నేర్పగలను.

సుబేదార్ గారి సంవత్సరీకం మార్గశిరంలో వస్తుంది. పోయిన వారం ఆ ఊరు పోయి ఆయన భార్యను కలిశాను. ఆ రోజు అయిపోయిందని చెప్పానమ్మా, అవలేదు, ఇంకొకటి ఊదాల్సింది మిగిలిపోయింది అని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. "ఎవరు ఊదుతారు?" అనడిగింది. బడిపిల్ల ఎవరో ఒకరు అని చెప్పి వచ్చాను. ఆ పిల్ల మీ స్కూల్లో ఉంది. పంపించండి.

ఇట్లు,
మద్రాస్ రెజిమెంటు బ్యాండు మాజీ హవల్దారు,
తిరుపతి